స్కోరు పడిపోతోంది, రిపోర్టులు బాగున్నాయి: ఏది నమ్మాలి?

పేరు రాయవద్దన్న ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం పంపారు. వయసు 41, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉద్యోగం. వాళ్లమ్మగారికి 48వ ఏట టైప్ 2 మధుమేహం బయటపడింది. ఆ భయంతోనే ఈవిడ చేతికి నిరంతరం గ్లూకోజు చూపించే సెన్సర్, అంటే సీజీఎం, పెట్టుకున్నారు. స్మార్ట్‌వాచీ ముందునుంచీ ఉంది. రెండింటి డేటానూ ఒక యాప్ తీసుకుని, మెషీన్ లెర్నింగ్‌తో లెక్కగట్టి, రోజూ 100కి ఇంత అని ‘మెటబాలిక్ స్కోరు’ ఇస్తుంది. పద్నాలుగేసి రోజుల చొప్పున ఇప్పటికి మూడు సెన్సర్లు వాడారు. స్కోరు మొదటిదానికి 81, రెండోదానికి 66, మూడోదానికి 54. ‘ఇన్సులిన్ రెసిస్టెన్స్ ముప్పు ఎక్కువ’ అని, అంటే ఒళ్లు ఇన్సులిన్‌కు సరిగా స్పందించకపోవచ్చని, ఎర్రరంగులో హెచ్చరిక కూడా వస్తోంది. ల్యాబ్ రిపోర్టులో మాత్రం హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు గ్లూకోజును చూపే రక్తపరీక్ష) 5.4 శాతం, పరగడుపు గ్లూకోజు 92. డాక్టరు గారు ఏమీ లేదని రెండు ముక్కల్లో చెప్పి పంపేశారట.

స్కోరు పెంచుకోవాలని ఆవిడ పిండిపదార్థాలు బాగా తగ్గించారు. 58 కిలోల మనిషి 53కి వచ్చారు. అయినా బంధువులింట భోజనం చేసిన రోజు సెన్సర్ గ్రాఫులో గీత 178కి లేచింది. అర్ధరాత్రి దాటాక 58 అనీ, 55 అనీ అలారం మోగుతుంది. లేచి గ్లూకోజు బిళ్లలు నములుతున్నారు, మళ్లీ నిద్ర పట్టడం లేదు. యాప్ మీద నమ్మకం పోయి, డేటా దించుకుని, గ్లూకోజును అంచనా వేసే మోడల్ సొంతంగా కట్టారు. పరీక్షలో 1కి 0.94 వచ్చిన ఆ మోడల్ తర్వాతి వారం డేటా మీద ఎందుకూ పనికిరాలేదు. భర్త ‘అది పీకి పారెయ్, లేకపోతే సూది లేని ఉంగరం ఏదైనా కొనుక్కో’ అంటున్నారు. తొమ్మిదేళ్ల కొడుకు కంచం ముందు కూర్చుని ‘అమ్మా, ఇది తింటే నాకూ గీత పైకి పోతుందా?’ అని అడుగుతున్నాడు. వాడికీ ఒక సెన్సర్ పెట్టి చూద్దామా అన్న ఆలోచన కూడా వచ్చిందట. ఏది నమ్మాలి, ఏం చేయాలి అన్నది ఆవిడ ప్రశ్న.

మీరు అడిగిన ‘ఏది నమ్మాలి’ అన్నదాంట్లో రెండు వేర్వేరు ప్రశ్నలున్నాయి. నాకు మధుమేహం గానీ, దాని ముందు దశ గానీ ఉందా అన్నది ఒకటి. నా ఒళ్లు ఏ భోజనానికి, ఏ నిద్రకు ఎలా స్పందిస్తోంది అన్నది రెండోది. మొదటి ప్రశ్నకు జవాబు చెప్పాల్సింది ల్యాబ్. హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 వరకు ముందు దశ, 6.5 నుంచి మధుమేహం. పరగడుపు గ్లూకోజు డెసిలీటరుకు 100 నుంచి 125 మిల్లీగ్రాములైతే ముందు దశ, 126 నుంచి మధుమేహం. ఇవి అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ గీసిన గీతలు. మీ రెండు అంకెలూ వీటికి బాగా కిందే ఉన్నాయి. సెన్సర్ గ్రాఫును బట్టి రోగ నిర్ధారణ చేసే పద్ధతి ఇప్పటికి లేదు. స్కోరును బట్టి అసలే లేదు.

రెండో ప్రశ్నకు సెన్సర్ పనికొస్తుంది. కాకపోతే అది ఏం కొలుస్తుందో తెలిసి వాడాలి.

చర్మం కింద దూరిన సన్నటి తీగ రక్తాన్ని తాకదు. కణాల మధ్య ఉండే ద్రవంలోని గ్లూకోజుతో, తీగ మీదున్న ఎంజైమ్ చర్య జరిపినప్పుడు పుట్టే చిన్న విద్యుత్తును కొలుస్తుంది. రక్తంలో మార్పు ఆ ద్రవంలోకి చేరడానికి సుమారు 5 నుంచి 15 నిమిషాలు పడుతుంది. ఇప్పటి మంచి సెన్సర్లలో కూడా సగటు తేడా 8 నుంచి 10 శాతం ఉంటుంది. అంటే మీ అసలు విలువ 100 అయితే 91 చూపినా, 109 చూపినా అది చెడిపోయినట్టు కాదు. పైగా ఈ తేడా ప్రతి రీడింగుకూ అటూ ఇటూ ఊగి చివరికి సర్దుకునే రకం కాదు. ఒక సెన్సర్ తన పద్నాలుగు రోజులూ కాస్త ఎక్కువే చూపుతూ పోవచ్చు, దాని తర్వాత పెట్టినది తక్కువే చూపుతూ పోవచ్చు.

మీ మూడు సెన్సర్ల సగటులు 99, 109, 103 అని రాశారు. ఆ పది అంకెల తేడా చూసి మీ ఒళ్లు మారిందనుకున్నారు. అందులో ఎంత ఒంటిది, ఎంత సెన్సర్‌దో ఈ డేటాతో తేల్చలేం. ఇంకో చిక్కు కూడా ఉంది. సెన్సర్ ఆయుష్షు 14 రోజులు, రుతుచక్రం దాదాపు 28 రోజులు. మీరు రాసిన తేదీల ప్రకారం మొదటి సెన్సర్ నెలసరితో మొదలైంది, రెండోది అండం విడుదలయ్యాక పెట్టారు. అండం విడుదలైన తర్వాతి రోజుల్లో చాలామంది స్త్రీలకు విశ్రాంతి గుండెవేగం కొంచెం పెరుగుతుంది, హెచ్‌ఆర్‌వీ (గుండె చప్పుళ్ల మధ్య వ్యవధిలో వచ్చే హెచ్చుతగ్గులు) తగ్గుతుంది, కొందరికి ఇన్సులిన్ పనితనం కాస్త మందగించి గ్లూకోజు కూడా పెరుగుతుంది. అన్నీ మామూలే. సెన్సర్ మార్పూ, చక్రంలో దశ మార్పూ సరిగ్గా ఒకే రోజున పడ్డాయి. యాప్ రెండింటినీ కలిపి ‘క్షీణత’ అంది. ఏ యాప్ అయినా రుతుచక్రం తేదీలు అడగకుండా స్త్రీలకు ఇలాంటి స్కోరు ఇస్తోందంటే, దాన్ని గట్టిగా అనుమానించాలి.

రిపోర్టులో ‘అంచనా హెచ్‌బీఏ1సీ 5.9’ అని చూసి నిద్ర పట్టలేదన్నారు. ఆ అంకె వెనక లెక్క చాలా చిన్నది. సగటు గ్లూకోజును 0.02392తో గుణించి 3.31 కలుపుతారు. దీన్ని జీఎంఐ అంటారు. 109 పెడితే 5.92 వస్తుంది. ఇప్పుడు 99 పెట్టి చూడండి, 5.68 వస్తుంది. మధుమేహం లేని 153 మందికి సెన్సర్లు పెట్టి 2019లో ప్రచురించిన అధ్యయనంలో, 60 ఏళ్ల లోపు వారి సగటు గ్లూకోజు 98, 99 దగ్గరే ఉంది. పూర్తి ఆరోగ్యంగా ఉన్న మామూలు మనిషిని సైతం ఈ సూత్రం 5.7 గీత అంచున నిలబెడుతోందన్నమాట. మధుమేహం ఉన్నవారి డేటా నుంచి తయారైన సూత్రం అది. లేనివారికి వాడితే ఇలాగే బెదిరిస్తుంది. ల్యాబ్‌లో కొలిచిన 5.4 చేతిలో ఉండగా లెక్కగట్టిన 5.9ని పట్టించుకోవాల్సిన పని లేదు. ఒక్క జాగ్రత్త: ఇనుము లోపంతో రక్తహీనత ఉంటే హెచ్‌బీఏ1సీ ఉన్నదానికంటే ఎక్కువ చూపవచ్చు, ఎర్రకణాలు త్వరగా నశించే జబ్బులుంటే తక్కువ చూపవచ్చు. హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వను చూపేది) ఈ మధ్య చూపించుకోకపోతే ఒకసారి చూపించుకోండి.

రాత్రి అలారాల సంగతి అన్నిటికన్నా ముందు తేల్చుకోవాలి, ఎందుకంటే మిమ్మల్ని ఎక్కువగా దెబ్బతీస్తున్నవి అవే. సెన్సర్ ఎడమ చేతికి ఉంది, ఎడమ పక్కకే తిరిగి పడుకుంటానన్నారు. చేయి ఒంటి బరువు కింద నలిగితే ఆ చోట ద్రవం, రక్తప్రసారం తగ్గి రీడింగు ఉత్తినే పడిపోతుంది. దీని గుర్తు గ్రాఫులోనే ఉంటుంది: 92 దగ్గర చదునుగా సాగుతున్న గీత పదీ పదిహేను నిమిషాల్లో నిట్టనిలువుగా 58కి దిగి, మీరు అలారానికి లేచి కూర్చోగానే అంతే నిట్టనిలువుగా మళ్లీ 90కి లేస్తుంది. బిళ్ల నమిలితే పెరిగిందనుకున్నారు, కానీ బిళ్ల పనిచేయడానికి కనీసం పది పదిహేను నిమిషాలు కావాలి. మీ గీత అంతకు ముందే లేచిందేమో చూడండి. ఈసారి మోగితే ముందు చేయి కడుక్కుని గ్లూకోమీటరుతో వేలి రక్తం చూడండి. వేలికి తీపి అంటి ఉంటే మీటరు కూడా తప్పు చెబుతుంది, అందుకే కడుక్కోమనడం. వేలి రక్తంలో 80, 90 ఉంటే అది నొక్కుడు వల్ల వచ్చిన దొంగ రీడింగు. తర్వాతి సెన్సర్‌ను రెండో చేతికి పెట్టించుకుంటే చాలావరకు పోతుంది.

షుగర్ మందులేవీ వాడనివారిలో నిజమైన హైపోగ్లైసీమియా, అంటే రక్తంలో గ్లూకోజు మరీ పడిపోవడం, అరుదు. దాన్ని నిర్ధారించాలంటే మూడూ ఒకేసారి కనబడాలి: చెమటలు, వణుకు, అయోమయం లాంటి లక్షణాలు, ఆ సమయంలోనే రక్తంలో తక్కువ విలువ, గ్లూకోజు తీసుకోగానే లక్షణాలు తగ్గడం. మీకు లక్షణాలేవీ లేవన్నారు. పైన చెప్పిన 153 మంది ఆరోగ్యవంతులు కూడా రోజుకు పావుగంట పాటు 70 కంటే కిందా, అరగంట పాటు 140 కంటే పైనా గడిపారు. కొద్దిసేపు గీత దాటడం జబ్బు కాదు.

ఇక 178 సంగతి. పిండిపదార్థాలు వారాల తరబడి బాగా తగ్గిస్తే ఒళ్లు ఇంధనం మార్చుకుంటుంది. కండరాలు కొవ్వును ఎక్కువగా వాడటం మొదలుపెడతాయి, భోజనం చేయగానే మొదట ఎగజిమ్మే ఇన్సులిన్ మందగిస్తుంది. అలాంటి స్థితిలో ఒక రోజు హఠాత్తుగా పిండిపదార్థాలు ఎక్కువున్న భోజనం చేస్తే గ్లూకోజు మామూలుకంటే ఎత్తుకు లేస్తుంది. ఇది ఎంత తెలిసిన విషయమంటే, గ్లూకోజు ద్రావణం తాగించి రెండు గంటల తర్వాత రక్తం చూసే గ్లూకోజు టాలరెన్స్ పరీక్షకు ముందు మూడు రోజుల పాటు రోజుకు కనీసం 150 గ్రాముల పిండిపదార్థాలు తినమని చెబుతారు. లేకపోతే పరీక్షే తప్పు చూపుతుంది. మీరు చేసిన త్యాగమే ఆ 178కి కారణమై ఉండవచ్చు. ఐదు కిలోల బరువులో కొంత కండ కూడా పోయే ఉంటుంది. భోజనం తర్వాత రక్తంలోని గ్లూకోజును ఎక్కువగా పీల్చుకునేది కండే. బరువు తగ్గాల్సిన అవసరం లేని మీలాంటివారికి ఇది లాభం కాదు, నష్టం.

ఇప్పుడు స్కోరు ఎలా పడిందో చూడండి. అలారాలతో నిద్ర సగటున ఏడు గంటల నుంచి ఐదుంబావుకు వచ్చింది. నిద్ర తగ్గితే ఇన్సులిన్ పనితనం తగ్గుతుందని ప్రయోగాల్లో తేలింది. నిద్ర చాలక వాచీలో హెచ్‌ఆర్‌వీ పడింది, విశ్రాంతి గుండెవేగం పెరిగింది, యాప్ మార్కులు కోసింది. దొంగ రీడింగులకు ‘అస్థిరత’ అని ఇంకొన్ని కోసింది. స్కోరు పడిందని మీరు తిండి ఇంకా తగ్గించారు, దాంతో బంధువులింటి భోజనానికి గీత ఇంకా లేచింది. 81 నుంచి 54కి దిగడంలో పెద్ద వంతు ఈ విషవలయంలోంచే వచ్చిందని నేను అనుకుంటున్నాను.

మెషీన్ లెర్నింగ్ అంతా బూటకమని దీనర్థం కాదు. 2015లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్‌లో ఎరాన్ సెగల్, ఎరాన్ ఎలినావ్ బృందం 800 మందికి సెన్సర్లు పెట్టి, 46,898 భోజనాలకు గ్లూకోజు స్పందనను కొలిచింది. రక్తపరీక్షలు, పేగుల్లోని బ్యాక్టీరియా వివరాలు, నిద్ర, శ్రమ అన్నీ జోడించి గ్రేడియంట్ బూస్టింగ్ అనే మెషీన్ లెర్నింగ్ పద్ధతితో మోడల్ కట్టారు. కొత్తగా తీసుకున్న 100 మంది మీద పరీక్షిస్తే అంచనాకూ, కొలతకూ మధ్య సహసంబంధం (పూర్తిగా కలిస్తే 1) 0.70 వచ్చింది. పిండిపదార్థాల గ్రాములను మాత్రమే లెక్కపెట్టే పాత పద్ధతికి అంతకంటే చాలా తక్కువ. గొప్ప పనే. కానీ 0.70ని వర్గం చేస్తే 0.49. అన్ని వివరాలు ఉన్నా హెచ్చుతగ్గుల్లో సగమే అర్థమైందన్నమాట. మీ యాప్ దగ్గర పేగు బ్యాక్టీరియా లేదు, రక్తపరీక్ష లేదు. ఉన్నది సెన్సర్ గీత, వాచీ అంకెలు, మీరు గుర్తొచ్చినప్పుడు నమోదు చేసిన భోజనాలు. వాచీ అంకెల్లో గుండెవేగం ఫర్వాలేదు. ఖర్చయిన కేలరీల సంగతి వేరు. స్టాన్‌ఫర్డ్‌లో 2017లో ఏడు పరికరాలను పరీక్షిస్తే అన్నిటికన్నా మెరుగైనది కూడా సగటున 27 శాతం తప్పింది.

అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో కెవిన్ హాల్ బృందం చేసిన పని మీకు ఇంకా దగ్గరిది. ఒకే మనిషికి ఒకేసారి రెండు కంపెనీల సెన్సర్లు పెట్టి చూస్తే, ఏ భోజనం గ్లూకోజును ఎక్కువ పెంచిందన్న వరుస రెండింటిలోనూ ఒకేలా రాలేదు. తర్వాతి అధ్యయనంలో అదే మనిషికి అదే భోజనం మళ్లీ పెడితే, రెండుసార్లకూ మధ్య తేడా వేర్వేరు భోజనాల మధ్య ఉన్న తేడా అంత ఉంది. ఒక్కసారి తిని చూసి ‘ఇది నాకు పడదు’ అని కొట్టేసిన పదార్థాల జాబితా పంపారు కదా, దాన్ని పక్కన పెట్టేయండి.

ఏ స్కోరునైనా నమ్మే ముందు కంపెనీని ఒకటే అడగండి: ఇది దేనితో పోల్చి సరిచూసుకున్న అంకె? ఇన్సులిన్ రెసిస్టెన్స్‌ను నిజంగా కొలవాలంటే ల్యాబ్‌లో గంటల తరబడి సాగే పద్ధతులున్నాయి. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2024 చివర్లో ప్రచురించిన పనిలో, సెన్సర్ పెట్టుకుని ఇంట్లో గ్లూకోజు ద్రావణం తాగినప్పుడు వచ్చే గీత ఆకారాన్ని బట్టి ఇన్సులిన్ రెసిస్టెన్స్‌ను అంచనా వేశారు. అక్కడ అందరూ తాగింది ఒకే కొలత ద్రావణం, మోడల్‌ను సరిచూసింది ఆ ల్యాబ్ పరీక్షలతో. పాల్గొన్నవారు కొద్దిమందే అయినా పద్ధతి శుద్ధంగా ఉంది. మీ యాప్ దేనితో సరిచూసుకుందో ఎక్కడా చెప్పకపోతే అది ఇచ్చేది కొలత కాదు, కంపెనీ అభిప్రాయం. యాప్ వెర్షన్ మారిన తేదీలు కూడా చూడండి. లెక్క మారితే మీలో ఏ మార్పూ లేకుండానే స్కోరు మారుతుంది.

మీ సొంత మోడల్ గురించి కాస్త ఎక్కువే రాస్తాను, ఎందుకంటే మీరు దాదాపు సరైన దారిలోనే ఉన్నారు. ఐదు నిమిషాలకో రీడింగు చొప్పున వచ్చిన 12,096 వరసలను కలగలిపి, 80 శాతం మోడల్ శిక్షణకు, 20 శాతం పరీక్షకు విడదీశానన్నారు. పొరపాటు అక్కడే జరిగింది. ఉదయం 10:00 రీడింగు శిక్షణలో పడింది, 10:05ది పరీక్షలో, 10:10ది మళ్లీ శిక్షణలో. ఐదు నిమిషాల్లో గ్లూకోజు మామూలుగా నాలుగైదు అంకెలకు మించి కదలదు. మోడల్ ఏమీ నేర్చుకోకుండా ఇరుపక్కల విలువలు చూసి మధ్యది పూరించింది. 0.94 అలా వచ్చింది. తర్వాతి వారం డేటాకు ఇరుపక్కల విలువలు లేవు కాబట్టి చతికిలబడింది. విడదీసేటప్పుడు రోజులను గానీ, ఇంకా మంచిది సెన్సర్లను గానీ విడదీయాలి: రెండు సెన్సర్లతో నేర్పి మూడోదానితో పరీక్షించడం, అలా మూడుసార్లు మార్చి చూడటం. పక్కనే ఒక మొద్దు అంచనాను కూడా పెట్టుకోండి. ‘ఇప్పుడెంత ఉందో అరగంట తర్వాతా అంతే ఉంటుంది’ అన్న అంచనాను మీ మోడల్ ఓడించలేకపోతే అది ఏమీ నేర్చుకోనట్టే.

ఇంకో సంగతి, మీ దగ్గరున్న నమూనాలు 12,096 కావు. మీరు నమోదు చేసిన భోజనాలు 74. మోడల్‌కు ఇచ్చిన ఫీచర్లు, అంటే అంచనాకు వాడే అంశాలు, 31. ఈ నిష్పత్తిలో ఏ మోడల్ అయినా బట్టీ పడుతుంది. భోజనానికి ఒక వరస చొప్పున 74 వరసలే పెట్టండి. ఫీచర్లు ఐదు చాలు: పిండిపదార్థాల గ్రాములు, పీచు, మాంసకృత్తులూ కొవ్వూ కలిపి, తిన్న సమయం, ముందు రాత్రి నిద్ర గంటలు. రాండమ్ ఫారెస్ట్ అనే జటిలమైన పద్ధతి బదులు, తక్కువ డేటాకు సరిపడే సాదా పద్ధతి రిడ్జ్ రిగ్రెషన్ వాడండి. అంచనా వేయాల్సింది అసలు విలువను కాదు, భోజనానికి ముందు అరగంట సగటు మీద ఎంత పెరిగిందన్నదాన్ని. అలా తీసేస్తే సెన్సర్ పక్షపాతం చాలావరకు పోతుంది. ఫీచర్ల ప్రాధాన్యంలో హెచ్‌ఆర్‌వీ మొదట వచ్చిందని దాన్ని పెంచే దారులు వెతుకుతున్నారు. నిద్ర, నెలసరి దశ, జ్వరం అన్నీ హెచ్‌ఆర్‌వీని కదిలిస్తాయి కాబట్టి వాటి వంతు కూడా దాని ఖాతాలో పడుతుంది. ప్రాధాన్యం కారణాన్ని చెప్పదు.

గడియారాలు కూడా సరిచూడండి. చాలా పరికరాలు దించే ఫైళ్లలో యూటీసీ, అంటే ప్రపంచ ప్రామాణిక సమయం ఉంటుంది, మీరు చేత్తో రాసిన భోజనాలు స్థానిక సమయంలో ఉంటాయి. ఆ తేడా సవరించాక కూడా, ఒక భోజనం నమోదు 1:30 అని ఉండి గీత 1:15కే లేవడం మొదలుపెడితే తిన్నాక గుర్తొచ్చి రాశారన్నమాట. అలాంటి వరసలను సరిదిద్దండి, లేదా తీసేయండి. తొలి 24 గంటల రీడింగులు నిలకడగా ఉండవు, వాటినీ తీసేయండి. విటమిన్ సి పెద్ద మోతాదులో వేసుకుంటే కొన్ని సెన్సర్లు, పారాసిటమాల్ వేసుకుంటే మరికొన్ని ఎక్కువ చూపుతాయి. మీ సెన్సర్‌తో వచ్చిన పుస్తకంలో మందుల పేజీ చదవండి.

ఇక మీ ముందున్న దారులు. సెన్సర్‌ను కొన్నాళ్లు పూర్తిగా మానేయడం మొదటిది. తిండిని మెల్లగా మామూలు స్థితికి తెచ్చుకుని, నిద్ర కుదుటపడ్డాక, పైన చెప్పినట్టు మూడు రోజులు 150 గ్రాములకు తగ్గకుండా పిండిపదార్థాలు తిని, 75 గ్రాముల గ్లూకోజుతో టాలరెన్స్ పరీక్ష చేయించుకోవచ్చు. రెండు గంటల విలువ 140 లోపు ఉంటే మామూలు, 140 నుంచి 199 ముందు దశ, 200 నుంచి మధుమేహం. వాటితోపాటు ట్రైగ్లిజరైడ్లు, హెచ్‌డీఎల్, రక్తపోటు, నడుము కొలత చూసుకుంటే మెటబాలిక్ ఆరోగ్యం గురించి ఏ స్కోరూ చెప్పలేనంత తెలుస్తుంది. పరగడుపు ఇన్సులిన్ కూడా తీయించి, దాన్ని గ్లూకోజుతో గుణించి 405తో భాగిస్తే ఇన్సులిన్ రెసిస్టెన్స్‌ను అంచనా వేసే హోమా-ఐఆర్ అనే అంకె వస్తుంది. కాకపోతే ఇన్సులిన్ కొలత ల్యాబ్‌కూ ల్యాబ్‌కూ మారుతుంది. ఎప్పుడు తీయించినా ఒకే ల్యాబ్‌లో తీయించి పోల్చుకోండి. ఈ దారిలో మనశ్శాంతి ఉంది. రోజువారీ సమాచారం లేకుండా పోవడం ఒక్కటే లోటు. మొదట్లో కొన్ని రోజులు చేతికి ఏదో లోపించినట్టు బెంగగా ఉంటుంది, అది తగ్గుతుంది.

రెండోది, ఒకే ఒక్క సెన్సర్, ఒకే ఒక్క ప్రశ్న. ఉదాహరణకు, ‘ఉదయం ఫలాహారం తర్వాత పావుగంట నడిస్తే నాకు తేడా వస్తుందా?’ సెన్సర్ పెట్టిన మూడో రోజు నుంచి పన్నెండో రోజులోపు, ఒకే ఫలాహారాన్ని గ్రాముల్లో తూచి, ఒకే వేళకు, రాత్రంతా ఏమీ తినకుండా ఉన్నాక తినండి. మూడు రోజులు తిన్నాక నడవండి, మూడు రోజులు కూర్చోండి. ఏ రోజు ఏదో నాణెం ఎగరేసి ముందే రాసి పెట్టుకోండి. ముందు రాత్రి నిద్ర ఆరు గంటలకు తగ్గితే ఆ రోజు వదిలేయండి. తినడానికి ముందున్న ఆరు రీడింగుల సగటును ఆధారంగా తీసుకుని, తర్వాతి రెండు గంటల 24 రీడింగుల్లో ఒక్కొక్కటి దానిమీద ఎంత ఎక్కువుందో కూడి 5తో గుణించండి. శిఖరం ఎంత లేచిందో కూడా రాసుకోండి. కూర్చున్న రోజుల్లో శిఖరాలు 38, 52, 41, నడిచిన రోజుల్లో 29, 47, 33 వస్తే రెండు వరసలూ ఒకదాంట్లో ఒకటి దూరిపోయాయి, ఏమీ తేలలేదు. అదే 55, 61, 58కి ఎదురుగా 28, 35, 31 వస్తే నమ్మవచ్చు. ఈ దారి మీ స్వభావానికి సరిపోతుంది. అయితే పద్నాలుగో రోజున సెన్సర్ తీసి మళ్లీ పెట్టకుండా ఉండగలగాలి. ఆ నిగ్రహం మీకు కష్టమనిపిస్తే మొదటి దారే మంచిది.

మూడోది, సెన్సర్ వాడుతూనే ఉండటం, కానీ స్కోరు, నోటిఫికేషన్లు ఆపేసి వారానికి ఒక్కసారే గ్రాఫు చూడటం. కొన్ని పరికరాల్లో గ్లూకోజు మరీ పడిపోయినప్పుడు మోగే హెచ్చరికను ఆపలేరు, అలాంటిదైతే రాత్రి నిద్ర బాగుపడదు. మందులు వాడని మీలాంటివారికి ఏళ్ల తరబడి సెన్సర్ పెట్టుకుంటే మధుమేహం రాకుండా ఆగుతుందనడానికి ఆధారం లేదు. ఇప్పుడున్న మానసిక స్థితిలో ఈ దారి మీకు నేను చెప్పను. ఏ దారి పట్టినా కంపెనీ మీ డేటాను ఎవరితో పంచుకుంటుందో చదివి, మానేసేటప్పుడు ఖాతాతోపాటు డేటా కూడా చెరిపేయమని అడగండి.

మీవారు చెప్పిన సూది లేని ఉంగరం మాత్రం వద్దు. చర్మాన్ని గుచ్చకుండా గ్లూకోజు చూపిస్తామనే వాచీలు, ఉంగరాలు వాడవద్దని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలో హెచ్చరించింది. అలాంటి ఒక్క పరికరానికీ తాను అనుమతి ఇవ్వలేదని చెప్పింది. ఆయన మాటలో విసుగు వినబడినా, దాని వెనకున్నది మీ గురించిన ఆందోళనే అనిపిస్తోంది. అలారాలు ఎందుకు మోగుతున్నాయో, 178 ఎందుకు వచ్చిందో ఆయన పక్కన కూర్చుని ఆ రెండు గ్రాఫులు చూపించండి. ‘పీకెయ్’, ‘పీకను’ అన్న మాటల దగ్గర ఆగిపోయిన సంభాషణ కదులుతుంది.

నలుగురితో కలిసి తినడం తప్పించుకుంటున్నానని, తిన్నాక అపరాధభావం వస్తోందని ఒక వాక్యంలో రాసి దాటేశారు. నాకు మాత్రం మీ ఉత్తరంలో 54 కంటే ఆ వాక్యమే బరువుగా తోచింది. సెన్సర్ తీసిన రెండు మూడు వారాల తర్వాత కూడా అది తగ్గకపోతే, బరువు ఇంకా జారుతుంటే, డాక్టరుతో ఆ మాట సూటిగా చెప్పి మానసిక నిపుణుల సాయం అడగండి.

బాబుకు సెన్సర్ పెట్టవద్దు. పిల్లల వైద్యుడు ఒక కారణం చూపి పెట్టమంటే తప్ప ఆ గీత వాడికి ఏమీ ఇవ్వదు, తిండి అంటే భయం తప్ప. వాడిలో చూడాల్సినవి వేరే ఉన్నాయి: అదేపనిగా దాహం, మాటిమాటికీ మూత్రం, మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలవడం, కారణం లేకుండా బరువు తగ్గడం. ఇవి కనిపిస్తే సెన్సర్ కోసం చూడకుండా అదే రోజు రక్తపరీక్ష చేయించాలి. లేకపోతే ఏమీ అక్కర్లేదు. గీత పైకి పోతుందా అని మళ్లీ అడిగినప్పుడు, ‘తింటే అందరికీ కాస్త పైకి వెళ్లి దానంతటదే దిగుతుంది, అది ఒళ్లు చేసే పని’ అని చెప్పి, వాడి ఎదురుగా కూర్చుని వాడు తినేదే మీరూ తినండి.